నాలుగు నెలల జాగారం

మాఘ అమావాస్య

అందరూ పడుకున్నారు. ఆఖరున భీమక్క పడుకుంది. ఏటా ఆమే ఆఖరు. నిద్ర కషాయం కాచేది ఆమె, రెండు వందల మందికీ గిన్నెలు అందించేది ఆమె, ఆ గిన్నెలన్నీ కడిగి బోర్లించాక అడుగున మిగిలింది తాగి వరసలో చివరి మంచం ఎక్కేదీ ఆమే. ఎక్కేముందు నా వైపు చూడకుండా దీపాల్లో నూనె చూసుకోమని చెప్పింది. ఇద్దరం ఒకే సొరంగంలో పుట్టి పెరిగినా, ఏడాది మొత్తంలో ఆమె నాతో అనే మాటలు ఇంతకంటే పొడుగుండవు.

నిన్న శివరాత్రి. ఊరందరికీ ఒక్కరాత్రి జాగారం, నాకు నాలుగు నెలలు. పైన వానలు పడి నేల చల్లబడేదాకా ఈ పాత బొగ్గుగనిలో మేలుకుని ఉండే మనిషిని నేనొక్కదాన్నే. ఎండాకాలం పైన బతకలేం. పండించుకున్న తిండి ఏడాది పొడుగునా సరిపోదు. అందుకని మా ముత్తాతల కాలంలోనే ఒంట్లో ఒక కొత్త జన్యువు పెట్టించుకుని, ఎండలు పోయేదాకా పడుకోవడం నేర్చుకున్నాం. నేర్చుకున్నాం అని అలవాటు కొద్దీ రాశాను. వాళ్లు నేర్చుకున్నారు.

శివరాత్రినాడు ఒక్కొక్కరే వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "నా పెయ్యి నీ చేతుల పెడుతున్న" అంటారు. ఒళ్లు అప్పగించడం అన్నమాట. ఆ రాత్రి నా మీద అందరికీ ఎంత ప్రేమో! ఊరిపెద్ద లింబయ్య అయితే ఈసారి కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. నేను పెద్దగా మురిసిపోను. పడుకునేముందు మూడు నాలుగు రోజుల సంగతులు లేచాక ఎవరికీ గుర్తుండవు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. తెలుసు కాబట్టే అంత ధారాళంగా మాట్లాడతారని నా అనుమానం. భీమక్క మాత్రం ఒక్కసారీ రాలేదు. పొయ్యి దగ్గర పని, తీరదు.

మేలుకున్న మనిషి రోజుల సంగతి రాసి పెట్టాలని ఆచారం. రాస్తున్నాను. చదివినవాళ్లను ఇంతవరకూ చూడలేదు. తన మంచం ఎన్నిసార్లు తడిసిందో చదువుకోవాలని ఎవరికుంటుంది?

ఫాల్గుణ పంచమి

పంపు కొట్టి ఊటనీరు తోడాను. గాలిపంకా చప్పుడు బాగానే ఉంది. పుట్టగొడుగుల మళ్లు తడిపాను. తర్వాత మంచాలు. ఒక్కొక్కరినీ పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. పెదవులు తడిదూదితో తుడవాలి. కింద శుభ్రం చేయాలి. ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి మొదటి మంచం మళ్లీ తిప్పే వేళవుతుంది.

మెలకువలో అందరి మీదా అరిచే లింబయ్య నిద్రలో బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. నేను తీస్తాను. మళ్లీ పెట్టుకుంటాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లేచాక వీళ్లెవరూ నా మొహం చూడలేరు. మంచివాళ్లే. మొదటి ముద్ద నాకే పెడతారు, ఏటా కొత్తచీర పెడతారు. కానీ నాలుగు నెలలు తమ ఒళ్లు తుడిచిన మనిషి పక్కన చేరి ఎవరు కబుర్లు చెప్పగలరు? నేను వెళ్తే అక్కడ మాట ఆగిపోతుంది. ఎండాకాలం వాళ్లు నిద్రపోయి నేను ఒంటరిని, వానాకాలం వాళ్లు లేచి నేను ఒంటరిని.

నాకు నిద్ర ఎందుకు పట్టదో చిన్నప్పుడే చెప్పారు. ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. వాటిని చదివి, నకళ్లు తీసి, ఆ నకళ్లను బట్టి కణం ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది. ఒంట్లో వేడి పుట్టించేవి, ఆకలి పుట్టించేవి, అన్నీ ఆ ప్రోటీన్లే. పాతకాలంలో ఈ గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు నడిచేవి. పట్టా మొదట్లో ఒక టబ్బును అడ్డంగా నిలిపితే వెనకవన్నీ ఆగిపోయేవట. మా ముత్తాతలు పెట్టించుకున్న జన్యువు చేసే ప్రోటీను పనీ అదే. అందుకే దాన్ని మావాళ్లు అడ్డబండి అంటారు. దానికి పక్కన చిన్న గుంట ఉంటుంది. కషాయంలోని అణువు ఆ గుంటలో దూరగానే అడ్డబండి ఒళ్లు విరుచుకుని, ఆకారం మార్చుకుని, వెళ్లి ఆ వేడి, ఆకలి జన్యువుల మొదట్లో కూర్చుంటుంది. ఇక చదివే దిక్కుండదు. వేడి తగ్గుతుంది, గుండె నిదానిస్తుంది, మనిషి పడుకుంటాడు. ఆషాఢంలో వాళ్లను లేపడానికి నేను నోట్లో మేలుచుక్కలు వేస్తాను. ఆ చుక్కల్లోని అణువు ఇంకో వైపు నుంచి పట్టుకుని మెలిపెడితే బండి పట్టా వదిలేస్తుంది.

నా అడ్డబండిలో ఒకేఒక్క తేడా ఉంది. గ్లైసిన్ అనే చిన్న అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ట్రిప్టోఫాన్ అనే లావుపాటిది వచ్చి కూర్చుంది. గుంట పూడిపోయింది. కషాయం ఎంత తాగినా నాకు నోరు చేదవడం తప్ప ఇంకేమీ కాదు. జన్యువులో ఒక్క అక్షరం తప్పుకు ఇంత శిక్షా అని ఒకప్పుడు ఏడ్చేదాన్ని. ఇప్పుడు విసుగు.

కాముని పున్నమి

అష్టాచెమ్మా ఆడుకున్నాను. చెక్కపలక మీద గళ్లు గీసి ఉంచాను. బొగ్గుముక్కలు ఒకరివి, పెంకుముక్కలు ఒకరివి. ఇద్దరి తరఫునా నేనే గవ్వలు వేస్తాను. ఎవరు తొండి చేసినా నాకు తెలిసిపోతుంది, అదొక్కటే ఇబ్బంది.

పంపుకు వాషరు వెతుకుతూ పాత క్యాంటీను వైపు వెళ్లాను. కూలిన గోడ వెనక మూత బిగించిన రేకుడబ్బా ఒకటి దొరికింది. పైన కాగితం ఎప్పుడో రాలిపోయింది. లోపల పసుపు తిరిగిన తెల్లటి పొడి పెచ్చులు కట్టి ఉంది. నాలుక మీద వేసుకుంటే తియ్యగా, జిడ్డుగా, అంగిలికి అంటుకునేలా ఉంది. అంత కమ్మటిది నేను ఎన్నడూ తినలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. లింబయ్యకు చెప్పాను.

చైత్ర పాడ్యమి, ఉగాది

ఉగాది నిద్రలోనే వస్తుంది కాబట్టి, మేలుకున్న మనిషి అందరి పెదవులకూ పచ్చడి చుక్క తాకించాలి. లేకపోతే వాళ్లకు ఏడాది తిరిగినట్టు కాదు. ఎండబెట్టిన వేపపువ్వు, చింతపండు, బెల్లం కలిపాను. బెల్లం సగం బూజు పట్టింది. ఉన్నదాన్ని పొదుపుగా వాడుతూ వచ్చినా చివరి మంచం దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ.

భీమక్క ఒక్కతికీ ఏడాది తిరగకుండా ఎలా వదిలేస్తాను? చింతపండు నీళ్లలో డబ్బాలోని తెల్లపొడి కలిపి పెదవికి రాశాను.

ఆమె నాలుకతో చప్పరించింది.

నిద్రలో ఎవరూ అలా చేయరు. నాకు ఎంత సంతోషమైందో రాయలేను. ఇంకొంచెం పెట్టాను. మళ్లీ చప్పరించింది. నా చేతి నుంచి ఒకరు ఇష్టంగా తీసుకుంటున్నారు కదా అనిపించి, గరిటె మొత్తం పెట్టేశాను. తర్వాత చాలాసేపు ఆ మంచం దగ్గరే కూర్చున్నాను.

చైత్ర తదియ

భీమక్క ఒళ్లు వెచ్చగా ఉంది. నిన్న అరచేయి వెచ్చగా తగిలితే నా చేతి వేడే అనుకున్నాను. ఇవాళ నుదురూ పొట్టా వెచ్చన. గుండె పక్కవాళ్ల కంటే వేగంగా కొట్టుకుంటోంది. కళ్లు తెరవడం లేదు, పిలిస్తే పలకడం లేదు. ఒళ్లంతా సన్నగా వణుకు.

చలిలో పొయ్యి రాజేసుకున్నట్టు ఒళ్లు తన కొవ్వును తానే కాల్చుకుంటోంది. నాలుగు నెలలకని దాచుకున్న కొవ్వు అది. ఇలా వదిలేస్తే వానలదాకా రాదు. ఎందుకిలా అయిందో నాకు తెలియదు. తెలిసిన మనిషి కషాయం కాచే మనిషే, ఆ మనిషే ఇలా పడి ఉంది.

మేలుచుక్కలు మనిషికొక సీసా లెక్కన ఉన్నాయి. భీమక్క సీసా తీసి పట్టుకుని కూర్చున్నాను. అడిగితే మందు చెబుతుందని లేపుతున్నానా, మాట్లాడే మనిషి దొరుకుతుందని లేపుతున్నానా? ఇక్కడ అబద్ధం రాసినా అడిగేవాళ్లు లేరు. అయినా నిజమే రాస్తాను. రెండూ.

సీసా వంచాను.

అదే రోజు, తర్వాత

లేచింది. మొదట కప్పు చూసింది, తర్వాత వరసగా పడుకున్న జనాన్ని చూసింది, తర్వాత నన్ను. అలవాటుగా చూపు తిప్పుకోబోయి, మళ్లీ నా వైపే తిప్పింది. "గౌరీ, గింత తొందరగ ఎందుకు లేపినవే?" అంది.

నా పేరు ఆమె నోట విని ఎన్నేళ్లయిందో.

డబ్బా చూపించాను. చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, కాసేపటికి నవ్వింది. అవి పాలట. పూర్వం ఏవో జంతువుల పాలు ఎండబెట్టి డబ్బాల్లో పోసేవాళ్లట. పాలంటే నాకు తల్లిపాలే తెలుసు, అవి పొడిగా దొరుకుతాయని ఎలా తెలుస్తుంది?

పాలల్లో ఒక చక్కెర ఉంటుందని చెప్పింది. మా అడ్డబండిని పెద్దవాళ్లు ఒక సూక్ష్మజీవి నుంచి తెచ్చుకున్నారట. దానికి పాలచక్కెర తగిలితే అడ్డబండి జన్యువును వదిలేసేదట. ఆ చక్కెరకు దగ్గరి చుట్టమే మేలుచుక్క, కాకపోతే ఇంకా గట్టిది. పాలచక్కెర నెమ్మదైనది కాబట్టి కొన్ని బండ్లు తొలిగాయి, కొన్ని తొలగలేదు. వణుకు అందుకే. పాడి జంతువులు లేని లోకంలో దాన్ని పొరపాటున ఎవరూ తినరని ధైర్యంగా ఉన్నారు.

"చంటిపిల్లలకు శివరాత్రి లోపల పాలెందుకు మాన్పిస్తరనుకున్నవ్?" అని అడిగింది.

పిల్లలందరినీ వానాకాలంలోనే కని, శివరాత్రికల్లా గంజికి అలవాటు చేయడం మా ఆచారం. ఎందుకని ఏనాడూ అడగలేదు. ఆచారం కదా అనుకున్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది.

చైత్ర చవితి

భీమక్క పరిస్థితి ఇది. తెరుచుకున్న జన్యువులు ఊరుకోవు, మెలకువకు కావలసిన ప్రోటీన్లు చేస్తూనే ఉంటాయి. మూడు నాలుగు రోజుల్లో అవి పేరుకుపోతాయి. అప్పుడిక కషాయం పట్టదు, వానలదాకా మెలకువే. ఆ లోపలే మళ్లీ పడుకోవాలి. అప్పటిదాకా ఏమీ తినకూడదు, తింటే కషాయం కడుపులో నిలవదు. కషాయం కాచడానికి ఒక్క మోతాదు బెరడు మాత్రం ఎప్పుడూ అదనంగా దాచి ఉంచుతుందట.

పడుకోకపోతే ఏమవుతుందని అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగాను. ఉన్న గింజలు ఒక్క మనిషికి కొలిచి పెట్టినవి. ఇద్దరం తింటే వైశాఖంలోనే అయిపోతాయి. ఆ తర్వాత నేను మంచాలు తిప్పలేను. ఆషాఢంలో ఇంతమందికి చుక్కలు వేసే చేయి ఉండదు. ఇదంతా ఆమె చెప్పనక్కర్లేదు. తెలిసే అడిగాను.

ఉప్పునీళ్లు తాగి నా వెంట మంచాలన్నీ తిరిగింది. లింబయ్య బొటనవేలు తానే తీసింది. మళ్లీ పెట్టుకున్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు సొరంగం చివరిదాకా పోయి తిరిగొచ్చింది. నేనొక్కదాన్నే నవ్వినప్పుడు ఎన్నడూ అలా వినిపించలేదు.

పక్కనే ఉన్న మంచాన్ని నేను శుభ్రం చేస్తుంటే చూస్తూ నిలబడింది. తర్వాత నాదీ ఇట్లనే తుడుస్తవా అని అడిగింది. అవునన్నాను.

చైత్ర పంచమి

అష్టాచెమ్మా ఆడాం. భీమక్కవి బొగ్గుముక్కలు, నావి పెంకులు. ఆమెకు ఆట రాదు, వచ్చినట్టు మాత్రం మాట్లాడుతుంది. గవ్వలు వేయకముందే కాయ మీద చెయ్యి పెడుతుంది. నావి రెండు కాయలు పండాయి, ఆమెది ఒక్కటీ పండలేదు. రెండుసార్లు చంపాను. చంపినప్పుడల్లా నా పుట్టుపూర్వోత్తరాలు ఎత్తి తిట్టింది.

మధ్యలో ఉన్నట్టుండి అడిగింది, వానకాలంల నీతోని ఎవరు మాట్లాడుతరు అని. ఎవరూ మాట్లాడరని చెప్పాను. నేను సుత మాట్లాడనా అంది. నువ్వు దీపాల్లో నూనె చూసుకోమంటావ్ అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"సిగ్గు గౌరీ," అంది. "లేసి నీ మొహం సూడంగనె నా పెయ్యంత యాదికొస్తది. నువ్వు సూసిన పెయ్యి."

ఇన్నేళ్లుగా నాకు తెలిసిన సంగతే. కానీ ఎదురుగా కూర్చుని చెప్పినవాళ్లు లేరు. చెప్పగానే దాని బరువు సగమైంది.

సాయంత్రం కషాయం కాచమంది. పొయ్యి అంటుకోవడం లేదని చెప్పాను. బొగ్గుగనిలో కూర్చుని, చుట్టూ బొగ్గు పెట్టుకుని, పొయ్యి అంటుకోవడం లేదని చెప్పాను. భీమక్క ఒక్కసారి నా మొహం చూసి, "గట్లనా" అని గవ్వలు వేసింది.

చైత్ర షష్ఠి

నిద్ర లేచీ లేవగానే ఆలోచన మొదలైంది. పుట్టగొడుగుల మళ్లు ఇంకో రెండు వేస్తే? నేను ఒంటిపూట తింటే? ఇంకొక్క రోజు గడిస్తే కషాయం పట్టదు, అప్పుడు ఎవరి తప్పూ కాదు, ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేస్తాం. నాతో ఒక మనిషి ఉంటుంది. ఉండాలి. నాకు కావాలి. అంతకుమించి ఏ లెక్కా నా బుర్రకు ఎక్కలేదు.

భీమక్క నీళ్లకని లేచి, రెండడుగులు వేసి, గోడ పట్టుకుని జారిపోయింది. పట్టుకున్నాను. పక్కటెముకలు నా చేతికి ఒక్కొక్కటీ తగిలాయి. ఉగాదినాడు తుడిచినప్పుడు అవి తగలలేదు. నిన్న నేను ఆడిన అబద్ధం ఆమె ఒంట్లో కొవ్వుగా కాలిపోయింది.

వెళ్లి పొయ్యి వెలిగించాను. ఒక్క పుల్లకే అంటుకుంది.

బెరడు ఎంతసేపు మరగాలో, రంగు ఎప్పుడు తిరుగుతుందో మంచం మీంచే చెప్పింది. చల్లారేదాకా ఆగాలి. ఆ కాస్తసేపూ మిగిలిన సంగతులు చెప్పుకున్నాం. ఆమె మేలుచుక్కలు వాడేశాను కాబట్టి ఆషాఢంలో ఆమెను లేపడానికి ఆ పాలపొడే దిక్కు. ఎలుకలు ముట్టకుండా దాచమంది. ఒంట్లో కొవ్వు తగ్గింది కాబట్టి అందరికంటే చల్లటి చోట పడుకోబెట్టమంది. అయినా లేస్తుందో లేదో తనకూ తెలియదంది. ఇవన్నీ మజ్జిగ చిలుకుతూ చెప్పే మాటల్లా తేలిగ్గా చెప్పింది అని రాయబోయాను. మజ్జిగ నేనెప్పుడు చూశాను! ముసలివాళ్ల మాట నోటికొచ్చేసింది. పప్పు ఉడికిందో లేదో చెప్పినట్టు చెప్పింది.

అన్నిటికంటే నన్ను కోసింది వేరే మాట. కొత్త జ్ఞాపకం నిలవాలంటే మెదడు కణాల్లో కొత్త ప్రోటీన్లు తయారు కావాలట. వాటి జన్యువులకు కూడా అడ్డబండి అడ్డం పడుతుంది. ఈ నాలుగు రోజులూ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గట్టిపడకముందే మూతపడతాయి. శివరాత్రి మాటలు ఎవరికీ ఎందుకు గుర్తుండవో నాకు తెలుసు. ఈ రోజులకూ అదే గతి అని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

నేను ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. ఆటపలక వైపు చూపించి, అది చెరపకు, లేచినంక ఆడుదం అంది.

"నీకు యాదుండదు గద అక్కా," అన్నాను.

"నాకుండదు. నీకుంటది గద," అంది.

గిన్నె అందుకునే ముందు నా రెండు చేతులూ పట్టుకుంది. "నా పెయ్యి నీ చేతుల పెడుతున్న" అని, ఈ మాట అనుడు ఎన్నేండ్ల సంది బాకీ ఉంది అంది. తర్వాత కషాయం తాగి, ఎంత చేదో అన్నట్టు మొహం పెట్టి, ఇదేనా నేను కాచేది అని గొణిగింది. ఆమె చివరి మాట అదే.

చైత్ర సప్తమి

పడుకుంది. కషాయం పట్టింది. ఒళ్లు చల్లబడింది.

మంచాన్ని ఊటబావి పక్కన కింది సొరంగంలోకి ఈడ్చాను. అక్కడ ఎప్పుడూ చలి. ఆటపలకను రెండు చేతులతో పట్టుకుని ఏటవాలులో అడుగులో అడుగేసుకుంటూ దించాను. ఒక బొగ్గుముక్క జారింది. అది ఏ గడిలో ఉందో నాకు తెలుసు. అక్కడే పెట్టాను. ఒక గడి ముందు పెట్టుంటే నాకే అది దొరికేది. పెట్టలేదు.

వైశాఖ పున్నమి

మౌనం ఇదివరకు అలవాటుగా ఉండేది. ఇప్పుడు అలవాటు తప్పింది. నాలుగు రోజులు మనిషితో మాట్లాడాక మిగతా రోజులు మొదటిసారి వచ్చినట్టు వస్తున్నాయి. మంచాలు తిప్పుతూ "గట్లనా" అని నాకు నేనే అనుకుంటున్నాను.

రోజూ పని అయ్యాక కిందికి వెళ్తాను. భీమక్క దవడలు లోపలికి పోయాయి. పలక జోలికి పోను. గవ్వలు నా కొంగున ముడేసుకున్నాను. ఇప్పుడు ఆమె వంతు.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

ఇవాళ గుండె చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు. చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పోయిందనే అనుకున్నాను. పొయ్యి అంటుకోవడం లేదని చెప్పిన నా నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు. చివరికి ఒక్కసారి కొట్టుకుంది. ఎంతోసేపటికి ఇంకొకటి.

నా రెండు దుప్పట్లూ కప్పబోయి ఆగాను. వెచ్చబడితే ఒళ్లు ఇంకా ఖర్చవుతుంది. కప్పకుండా నిలబడడమే ఇవాళ నేను చేసిన పెద్ద పని.

ఆషాఢ విదియ

వాన! పైన మూత తెరిచి అరచేతిలో పట్టాను. గోరువెచ్చగా ఉంది, అయినా వానే.

చుక్కలు వేయడం మొదలుపెట్టాను. వరసగా లేస్తున్నారు. దగ్గులు, మూలుగులు, పిల్లల ఏడుపులు. గంజి అందిస్తే తీసుకుని, దండం పెట్టి, మొహం తిప్పుకుంటున్నారు. లింబయ్య లేస్తూనే బొటనవేలు చూసుకుని చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు. నేను చూడనట్టే గంజి పెట్టాను.

భీమక్క ఏదని అడిగారు. కిందుందని చెప్పాను. ఎందుకని అడగబోయి, నాతో మాట పెరుగుతుందని మానేశారు.

ఆషాఢ తదియ

నిన్నటి నుంచి పాలపొడి నీళ్లలో కలిపి పెదవికి రాస్తూనే ఉన్నాను. కదలిక లేదు. రాసినది రాసినట్టే ఎండిపోతోంది. పైన జనం పాటలు పాడుతున్నారు. నన్ను పిలవడానికి ఎవరో ఏటవాలు దాకా వచ్చి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.

డబ్బా అడుగు గీరి ఆఖరి గరిటె కలిపాను. ఇది కాకపోతే ఇంకేమీ లేదు. నోరు తెరిచి నాలుక మీదే పెట్టాను. పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దేవుడికి మొక్కలేదు. ఆ అణువులకే మొక్కాను. పోండి, ఒక్కొక్క బండినీ పట్టి లాగండి, తల్లీ, అన్నాను.

చాలాసేపటికి ఆమె నాలుక కదిలింది. చప్పరించింది.

ఆషాఢ చవితి

వణుకు పట్టింది, వెచ్చబడింది, మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. గంజి చెంచాతో పట్టాను. తాగింది. ఒళ్లు తెలిసొచ్చేకొద్దీ దుప్పటి మెడదాకా లాక్కుంది. మొహం గోడ వైపు తిప్పుకుంది. దీపంలో నూనె అయిపోతోందని గోడతోనే చెప్పింది.

బతికింది. అంతే కావాలని నేను మూడు నెలలు అనుకున్నాను. అంతే కావాలనుకున్నది నిజం కాదని అప్పుడు తెలిసింది. గిన్నె తీసుకుని లేచాను.

వెనక నుంచి అడిగింది, ఈ పలకేంది అని.

ఆట అన్నాను. ఎవరెవరిది అని అడిగింది. నీది, నాది అన్నాను. నేనెప్పుడు ఆడిన అంది. ఉగాదికి లేచావని, డబ్బా చూపించి పాలని, మళ్లీ పడుకున్నావని, ముక్కలుముక్కలుగా చెప్పాను. ఆమెకు అంతకంటే చెప్పనక్కర్లేదు, మిగతాది ఆమెకే తెలుసు. పలకను చూసింది. పలక చుట్టూ, కాయలు కదలకుండా, నేను నడిచిన అడుగుల మరకలు చూసింది. తన చేతిఎముకలు చూసుకుంది. నేనేమన్నా మాట్లాడిన్నా అని మెల్లగా అడిగింది. చాలా మాట్లాడావన్నాను. ఏమేం మాట్లాడిందో అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే అవి నా మాటలవుతాయి, ఆమెవి కావు.

గిన్నె కడగడానికి వెళ్లాలి. వెళ్లలేదు.

భీమక్క దుప్పటి చుట్టుకునే, గోడ పట్టుకుని మంచం దిగింది. పలక ముందు కూర్చోడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక తలెత్తి, సిగ్గుతో మొహమంతా ఎర్రబడినా చూపు తిప్పుకోకుండా, నా వైపే చూసింది.

"నా కాయలేవి?" అంది.

గెలిచే పెంకులు ఆమెకిచ్చేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నోటికి నిజమే వచ్చింది.

"బొగ్గువి నీవి. ఓడిపోతున్నవ్ అక్కా."

"గట్లనా," అని చెయ్యి చాపింది. కొంగుముడి విప్పి గవ్వలు ఆమె చేతిలో పోశాను.